ఇస్తాంబుల్‌లో ఆగిపోయిన వ్యాన్లు

యూరప్ కుర్రకారు రోడ్డు మీదుగా ఇండియాకూ నేపాల్‌కూ తరలివచ్చిన కాలం ఒకటుంది. 1950ల చివర మొదలై 1979తో ముగిసిన ఆ కాలం మీద పుస్తకాలకు కొదవలేదు. దాదాపు అన్నీ ఒకే కథ చెబుతాయి. యుద్ధం తర్వాతి సంపదలో పుట్టి పెరిగి, ఆ సంపద మీదే మొహం మొత్తిన పిల్లలు, గురువు కోసమో గంజాయి కోసమో తూర్పు దారి పట్టారన్నది ఆ కథ. అందులో వాళ్లెక్కిన వ్యాను ఒక బొమ్మగా మిగిలిపోతుంది. ఒళ్లంతా పూలు, కిటికీలకు రంగు పరదాలు. దాని ఇంజన్ మూత ఎత్తి చూసినవాళ్లు తక్కువ. ఎత్తి చూస్తే కథ మారుతుందని నా వాదన. ఆ దారిలో తగిలే మొదటి తూర్పు మహానగరం ఇస్తాంబుల్. అక్కడ ప్రయాణికులు ఎన్నాళ్లున్నారు, ఏ పేటలు తిరిగారు, ఎవరితో మాట్లాడారు అన్నవి వాళ్ల ఆశయాలకన్నా వాళ్ల బండి పరిస్థితిని బట్టే ఎక్కువగా తేలాయి. బండి చెడితే ఊరు చూడటం కుదరదని మనం అనుకుంటాం. ఇస్తాంబుల్‌లో మాత్రం బండి చెడినవాళ్లకే ఊరు కనిపించింది. ఆ బళ్లను మళ్లీ రోడ్డెక్కించిన పనివాళ్లు లేకపోతే ఆ దారి ఇరవై ఏళ్లు నడిచేదే కాదు.

ముందు బండి సంగతి. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను నమ్మరాని బండి అంటే దాని అభిమానులు ఒప్పుకోరు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. డచ్ డీలర్ బెన్ పోన్ 1947 ఏప్రిల్ 23న నోటుపుస్తకంలో గీసుకున్న నాలుగు గీతల్లోంచి పుట్టి, 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గ్ కార్ఖానాలో తయారీకి వచ్చిన బండి అది. వెనక ఇంజన్, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్లు. రేడియేటర్ లేదు, కాబట్టి ఎండలో మరిగే నీళ్లూ లేవు, చలిలో గడ్డకట్టే నీళ్లూ లేవు. జర్మనీలో రొట్టెలూ పాలడబ్బాలూ మోసేందుకు అంతకన్నా సరైన బండి లేదు. కానీ తూర్పుకు బయల్దేరినవాళ్ల చేతికి వచ్చింది కొత్త బండి కాదు. ముగ్గురు నలుగురు యజమానుల చేతులు మారిన పాత బండి. తొలి ఇంజన్ 1131 సీసీ, బలం 25 హార్స్‌పవర్. 1960ల చివరికి ఇంజన్ పెరిగినా 50 హార్స్‌పవర్ దాటలేదు. దాని మీద నలుగురైదుగురు మనుషులు, పరుపులు, స్టవ్వు, పెట్రోలు డబ్బాలు, గిటార్లు. పైగా ఆ ఇంజన్‌లో పుట్టుకతో వచ్చిన ఒక బలహీనత ఉంది. ఆయిల్ కూలర్‌ను ఫ్యాను గాలి వచ్చే దారిలో, మూడో సిలిండర్‌కు అడ్డంగా అమర్చారు. దాంతో మిగతావాటికి చల్లగాలి అందితే మూడోదానికి కూలర్‌ను తాకి వేడెక్కిన గాలి అందేది. ఘాట్ ఎక్కుతూ గంటల తరబడి ఇంజన్‌ను రేసు చేస్తే ముందుగా కాలేది ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వే. 1971 మోడల్ నుంచి కంపెనీ కూలర్‌ను పక్కకు జరిపింది. అంతకుముందు తయారైన లక్షల బళ్లు మాత్రం ఆ లోపంతోనే తిరిగాయి. బండి మంచిదే. దానికి అప్పజెప్పిన పని దాని శక్తికి మించింది. చెడటం ఎంత సులువో బాగుచేయడం కూడా అంతే సులువు కావడం మరో విశేషం. ఇంజనీరు జాన్ మ్యూర్ 1969లో అమెరికాలో సొంతంగా అచ్చేయించిన ఫోక్స్‌వ్యాగన్ రిపేరు పుస్తకం, స్పానర్ పట్టడం తెలియనివాళ్ల కోసమే రాసింది. అది లక్షల కాపీలు అమ్ముడుపోయిందంటే, ఆ బండి కొన్నవాళ్లకు రిపేరు ఏదో ఒకనాడు తప్పని పనని అర్థం.

అలాంటి బండి ఇస్తాంబుల్‌లోకి ఏ దారిన వచ్చేదో చూడండి. బల్గేరియా సరిహద్దు దాటి ఎదిర్నె మీదుగా వచ్చే రోడ్డును ఇస్తాంబుల్‌వాళ్లు లండన్ ఆస్ఫాల్ట్ అని పిలుచుకునేవారు. యూరప్ రోడ్ల లెక్కలో అది ఈ5, ఒక కొస లండన్‌లో ఉన్న రోడ్డు. అది తోప్‌కాపి ద్వారం దగ్గర పాత కోటగోడను తాకుతుంది. అక్కడి నుంచి అక్సరాయ్ దాకా ఉన్న మిల్లెత్ వీధి, ప్రధానమంత్రి అద్నాన్ మెందెరెస్ 1956 తర్వాత పాత పేటలను కూల్చి వేయించిన వెడల్పాటి రోడ్లలో ఒకటి. ఎన్నో ఇళ్లూ, కొన్ని మసీదులూ స్నానశాలలూ పోయాయి, మోటారు బళ్లకు చోటు వచ్చింది. అది దాటితే బెయాజిత్, ఆపైన దివాన్ యోలు. రోమన్ చక్రవర్తుల ఊరేగింపులు, తర్వాత ఉస్మానీ సుల్తానుల ఊరేగింపులు సాగిన రాజవీధి అది. ఆ వీధి చివర, అయా సోఫియా ఎదుట, సామ్రాజ్యపు దూరాలన్నీ కొలవడం మొదలుపెట్టిన సున్నా మైలురాయి మిలియన్ ఉండేది. దాని శకలం 1967, 68 తవ్వకాల్లో బయటపడింది. అంటే జర్మనీ నుంచి వచ్చిన వ్యాన్లు పక్కనే హిప్పొడ్రోమ్ మైదానంలో బారులు తీరిన ఏళ్లలోనే, పదహారు వందల ఏళ్ల నాటి ఆ రాయి మట్టిలోంచి పైకి వచ్చింది. అక్కడే, నాలుగడుగుల దూరంలో, చోల్పన్ సోదరులు 1957లో తెరిచిన లాలే రెస్టారెంటు ఉంది. పాలతో చేసే తీపి వంటకాలు అద్దాల వెనక వరసగా పెట్టి అమ్మడం వల్ల విదేశీయులు దాన్ని పుడ్డింగ్ షాప్ అన్నారు. ఆ పేరే నిలిచింది. దాని గోడ మీది బోర్డు అందరికీ తెలిసిన విషయం. ఢిల్లీ దాకా పెట్రోలు ఖర్చు పంచుకునేవారు కావాలనీ, కాఠ్మండూ వెళ్లే బండిలో చోటు ఉందనీ చీటీలు గుచ్చేవారు. సుల్తానహ్మెత్ పేట వాళ్ల మజిలీ కావడానికి కారణం పవిత్ర కట్టడాలో, చవక హోటళ్లో మాత్రమే కాదు. పడమటి నుంచి వచ్చే రోడ్డు నేరుగా వచ్చి ఆగేది అక్కడే.

ఆగిన బండి ముందు సముద్రం ఉంది. బాస్ఫరస్ మీద వంతెన 1973 అక్టోబర్ 30న గానీ తెరవలేదు. అప్పటిదాకా బండి ఆసియా ఒడ్డు చేరాలంటే సిర్కెజి నుంచి హరెమ్‌కో, కబతాష్ నుంచి ఉస్కుదార్‌కో ఫెర్రీ ఎక్కాలి. ఆ రేవులో బళ్లు మోసే ఓడల సంప్రదాయం పాతది. 1872లోనే సుహులెత్ అనే ఆవిరి ఓడ గుర్రపు బళ్లను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించింది. అవతలి ఒడ్డున దిగాక అంకారా వైపు బోలు కనుమ, ఆ తర్వాత ఎర్జురుమ్ ఎత్తులు, ఇరాన్ సరిహద్దు. వాల్వు కాలిన ఇంజన్‌తో బోలు ఘాట్ ఎక్కడం కుదరని పని. కాబట్టి బండికి వైద్యం ఇక్కడే జరగాలి. వదిలేసి రైలెక్కిపోవచ్చు కదా అనొచ్చు. చట్టం ఒప్పుకోదు. టర్కీలోకి బండితో వచ్చినవాడి పాస్‌పోర్టులో సరిహద్దు దగ్గరే బండి వివరాలు రాసేవారు. బండి లేకుండా ఆ పాస్‌పోర్టుతో దేశం దాటడానికి వీల్లేదు. అమ్ముకోవాలంటే కస్టమ్స్ సుంకం బండి ఖరీదును మించేది. ఇరాన్ నుంచి ఇండియా దాకా మరో కాగితం, కార్నెట్. ఆ బండి దేశం విడిచి వెళ్లకపోతే సుంకం మొత్తం కడతానని సొంత దేశంలో ఇచ్చిన పూచీ అది. పొమ్మంటే పోని బండీ, వదలనివ్వని చట్టమూ కలిసి ప్రయాణికుణ్ణి మెకానిక్ షెడ్డు దారి పట్టించాయి. నా వాదనకు ఇది ముఖ్యమైన ఆధారం. ఇస్తాంబుల్‌లో ఎక్కువ రోజులు ఉండిపోవడం ఇష్టంతో జరిగిందని చెప్పే జ్ఞాపకాలు ఎన్ని ఉన్నా, వ్యాన్ యజమానికి ఆ ఎంపిక ఉండేది కాదు.

ఇక్కడ నగరం వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్లు తయారుచేయని దేశంలో ఆ ఇంజన్ బాగుచేసే చేతులు ఎక్కడి నుంచి వచ్చాయి? జవాబు ఆ ఊరి దొల్ముష్‌లలో ఉంది. మన షేర్ ఆటోలాగే, నిర్ణీత దారిలో నిండగానే కదిలే షేర్ ట్యాక్సీ అది. 1930ల నాటికే ఇస్తాంబుల్ వీధుల్లో ఉంది. యుద్ధం తర్వాత అమెరికా నుంచి షెవర్లే, ప్లిమత్, డీసోటో కార్లు వచ్చి ఈ పనిలో చేరాయి. 1950ల మధ్యకు వచ్చేసరికి టర్కీకి విదేశీ మారకం అడుగంటింది, 1958 ఆగస్టులో లీరా విలువ తగ్గించారు, దిగుమతులకు తాళం పడింది. కొత్త కారు రాదు, పాత కారుకు పార్టు రాదు. అదే సమయంలో పల్లెల నుంచి జనం వచ్చిపడుతున్నారు. 1950లో ఇస్తాంబుల్ ప్రావిన్స్ జనాభా సుమారు 12 లక్షలు, 1970 నాటికి 30 లక్షలు. వాళ్లను పనికి చేర్చాల్సింది ఆ పాత అమెరికన్ కార్లే. మెకానిక్కులు వాటి ఛాసిస్‌ను మధ్యలో కోసి, పొడిగించి, ఇంకో వరస సీట్లు వేశారు. పెట్రోలు ఇంజన్ పీకి డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టారు. దొరకని పిస్టన్‌నూ బుష్‌నూ లేత్ మీద తిప్పి తీశారు. దేశంలో అనదోల్ కారు తయారీ మొదలైంది 1966 చివర్లో, ఫియట్, రెనో కార్లు అక్కడ తయారైంది 1971లో. అప్పటిదాకా ఊరి రవాణా మొత్తం రిపేరు మీద నడిచింది. విదేశీ వ్యాన్ కోసం ఎవరూ ప్రత్యేకంగా నేర్చుకున్న విద్య కాదిది. ఇరవై ఏళ్ల కొరత నేర్పిన విద్య.

ఆ విద్య ఉన్న పేటలు పర్యాటకుల పటంలో ఉండేవి కావు. సుల్తానహ్మెత్ నుంచి కొండ దిగి ఎమినోను రేవుకు వచ్చి, గోల్డెన్ హార్న్ మీద తేలే పాత గలతా వంతెన దాటితే కరాకోయ్. అక్కడ నీటి ఒడ్డున పెర్షెంబె పజారి. ఓడల గొలుసులు, పంపులు, బేరింగులు, అన్ని సైజుల బోల్టులు, నట్లు అమ్మే సందులు. నేల మీద పరిచిన ఇనుములోంచి కావలసింది ఏరుకోవాలి. ఎగువన బెయోగ్లు కొండ వెనక పల్లంలో దొలాప్‌దెరె, గ్యారేజీల పేట. అక్కడి పనితీరు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ వ్యాన్ ఇంజన్ గేర్‌బాక్స్‌కు నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, కరెంటు తీగలు ఊడదీసి, కింద జాకీ పెట్టి వెనక్కి లాగితే ఇంజన్ మొత్తం నేల మీదికి దిగుతుంది. ఇద్దరు మనుషులు చాలు. సిలిండర్ హెడ్ విప్పితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు కొరికినట్టు కాలి కనిపిస్తుంది. కొత్త వాల్వు దొరికితే సరే, దొరకకపోతే వేరే ఇంజన్ వాల్వు తెచ్చి కొలతకు తగ్గట్టు లేత్ మీద తిప్పేవారు. తర్వాత సీటు మీద గ్రైండింగ్ పేస్టు రాసి, కొసన రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వుకు అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతారు. అంచు చుట్టూ తెగకుండా మసక రంగు గీత పడేదాకా తిప్పాలి. ఈ పని సాధారణంగా చిరాక్ చేసేవాడు, అంటే పన్నెండు పదమూడేళ్ల పనికుర్రాడు. గీత సరిగ్గా పడిందో లేదో చూసేది ఉస్తా, మేస్త్రి. మధ్యమధ్య గాజు గ్లాసుల్లో టీ. యజమాని పక్కన నిలబడి చూడక తప్పదు, ఎందుకంటే తను పడుకునే ఇల్లు కూడా ఆ వ్యానే. మ్యూర్ పుస్తకం చదివి వచ్చినవాడికి ఇంజన్ భాగాల పేర్లు తెలుసు, ఉస్తాకు టర్కిష్ తప్ప రాదు. పార్టు చేత్తో చూపించి మాట్లాడుకున్నారు. అయా సోఫియా గుమ్మటం కింద నిలబడి ఎవరూ ఇస్తాంబుల్ మనిషితో అంతసేపు గడపలేదు.

ఇంజన్ల పరిచయానికి రెండో మార్గం జర్మనీ నుంచి వచ్చింది. 1961 అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ, టర్కీ కూలీల ఒప్పందం చేసుకున్నాయి. 1973 నవంబర్‌లో జర్మనీ తలుపు మూసేనాటికి అక్కడ సుమారు 9 లక్షల మంది టర్కీవాళ్లున్నారు. కొలోన్‌లోని ఫోర్డ్ కార్ఖానాలో వాళ్ల సంఖ్య ఎంతంటే, 1973 ఆగస్టులో అక్కడ జరిగిన సమ్మె ప్రధానంగా వాళ్లదే. ప్రతి వేసవిలో వాళ్లు కుటుంబాలతో, ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్లలో, టాపు మీద మంచాలూ కుట్టు మిషన్లూ ఫ్రిజ్జులూ కట్టుకుని, అదే ఈ5 మీద, మ్యూనిక్ నుంచి సుమారు 2 వేల కిలోమీటర్లు నడుపుకుంటూ ఇంటికి వచ్చేవారు. యుగోస్లావియాలో ఆ రోడ్డు ఇరుకైనది. నిద్ర లేకుండా నడిపినవాళ్లు ఎందరో అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అతిగా బరువెత్తి అరిగిపోయిన ఆ వ్యాన్లూ ఇస్తాంబుల్ గ్యారేజీలకే చేరేవి. హిప్పీల దారి అని ప్రపంచం పిలిచిన రోడ్డులో ఇస్తాంబుల్ దాకా అసలు రద్దీ ఈ కూలీలదే. చరిత్ర పుస్తకాలు ఈ రెండు ప్రయాణాలనూ వేర్వేరు అరల్లో పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఒకే రోడ్డు, ఒకే రకం పాత వ్యాను, ఒకే షెడ్డు. పూల బొమ్మల వ్యాన్ గురించి మాత్రం వందల జ్ఞాపకాలు అచ్చయ్యాయి.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఆ దారిన వచ్చినవాళ్లలో ఎక్కువమంది వ్యాన్లలో రాలేదు. రైళ్లలో, టికెట్ బస్సుల్లో, దారిన పోయే లారీలు ఆపుకుని వచ్చారు. 1957లోనే లండన్ నుంచి కలకత్తాకు ఇండియామన్ అనే బస్సు నడిచింది. అలాంటప్పుడు కొద్దిమంది వ్యాన్ యజమానుల అనుభవాన్ని మొత్తం దారికి అంటగట్టవచ్చా? వచ్చు, రెండు కారణాల వల్ల. ఆ మార్గంలో తిరిగిన చవక బస్సుల్లో చాలావరకు యూరప్‌లో సర్వీసు ముగిసిన పాత బస్సులే. వాటికీ ఘాట్లు ఎక్కే ముందు గ్యారేజీ తప్పదు. పుడ్డింగ్ షాప్ బోర్డు మీది చీటీలే రెండో కారణం. బండి లేనివాడు బండి ఉన్నవాడి కోసం వెతికాడు. బండి ఉన్నవాడు రిపేరు ఖర్చు పూడ్చుకోవడానికి మనుషుల కోసం వెతికాడు. ఆ బోర్డును ప్రేమలేఖల గోడగా గుర్తు పెట్టుకున్నారు కానీ, దాన్ని నడిపించింది పెట్రోలు ఖర్చూ స్పేర్ పార్టుల ఖర్చూ. ఒక్క వ్యాన్ ఆగితే దానిలో చోటు దొరికిన అందరూ ఆగారు.

రెండో అభ్యంతరం నైతికమైనది, దీన్ని తేలిగ్గా దాటేయకూడదు. రిపేరు షెడ్డులో గడిపిన సమయాన్ని మనుషుల కలయికగా వర్ణించడం ఉన్న అసమానతను అందంగా కప్పడం కాదా? మార్కులూ పౌండ్లూ జేబులో ఉన్న కుర్రాడు ఒకవైపు, పన్నెండేళ్ల పనికుర్రాడు మరోవైపు. ప్రయాణికుడు కాబూల్ దాకా పోగలడు, ఉస్తాకు మ్యూనిక్ వెళ్లాలంటే కూలీ ఒప్పందం, వైద్య పరీక్ష కావాలి. ఇది నిజం. మోసపు బేరాలు జరిగాయి, ప్రయాణికుల్లో కొందరు మత్తు పదార్థాల కేసుల్లో అక్కడి జైళ్లలో మగ్గారు, 1978లో వచ్చిన మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ సినిమా ఆ ఒక్క ముఖాన్నే ప్రపంచానికి చూపించి టర్కీవాళ్లను తీవ్రంగా నొప్పించింది. అయినా అసమానత ఉందని చెప్పి ఊరుకోవడం మెకానిక్‌కు న్యాయం చేయదు. మ్యూజియం టికెట్ అమ్మే చోటా, హోటల్లోనూ ప్రయాణికుడిది కొనేవాడి స్థానం. షెడ్డులో మాత్రం తెలిసినవాడు ఉస్తా, తెలియనివాడు ప్రయాణికుడు. బండి ఎప్పుడు కదలాలో నిర్ణయించే అధికారం ఆ పేదవాడి చేతిలో ఉంది. ఆ దారి పొడవునా ఈ తారుమారు ఇంత స్పష్టంగా కనిపించే చోటు నాకు మరొకటి తోచదు.

ఈ వాదన ఎంత నిలుస్తుందో చూడటానికి చరిత్రే ఒక పరీక్ష పెట్టింది. 1973లో బాస్ఫరస్ వంతెనతో పాటు దానికి దారితీసే కొత్త రింగురోడ్డూ తెరుచుకుంది. లండన్ ఆస్ఫాల్ట్ మీద వచ్చే బండి పాత నగరంలోకి అడుగు పెట్టకుండానే ఆసియాలోకి పోవచ్చు. ప్రయాణికులు సుల్తానహ్మెత్‌లో ఆగింది రోడ్డు అక్కడికి చేర్చినందువల్లే అయితే, ఆ తర్వాత పేట ఖాళీ కావాలి. కాలేదు. 1970ల మధ్యలోనూ బోర్డు నిండుగానే ఉంది, మైదానంలో వ్యాన్లు ఉన్నాయి. బండి బాగు కావాలి, ఇరాన్ వీసా పక్కనున్న కాగలోగ్లులోని కాన్సులేటులో తీసుకోవాలి, ఇంటి నుంచి వచ్చే డబ్బు కోసం సిర్కెజి పెద్ద పోస్టాఫీసులో కనిపెట్టుకోవాలి. రోడ్డు తీసుకొచ్చిన అలవాటును అవసరం నిలబెట్టింది. దాన్ని చివరకు ఆపింది ఇరాన్ విప్లవం, 1979 డిసెంబర్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం. మరుసటి సెప్టెంబర్‌లో టర్కీలో సైనిక ప్రభుత్వం వచ్చింది.

ఇస్తాంబుల్‌కే ఈ గొప్ప ఎందుకు, టెహ్రాన్‌లోనూ కాబూల్‌లోనూ మెకానిక్కులు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. దారి తూర్పు కొసన ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనూ ఉన్నారు, అది నేటికీ దేశంలోని పెద్ద ఆటో స్పేర్ పార్టుల బజార్లలో ఒకటి. లైసెన్సుల రోజుల్లో మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప పెద్దగా కార్లు లేవు, కొత్తది బుక్ చేస్తే ఏళ్లు పట్టేది. సికింద్రాబాద్ రాణిగంజ్ సందుల్లోనూ విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనూ పాత ఇంజన్‌కు మళ్లీ మళ్లీ బోరు వేయించి నడిపిన తరం ఆ కొరతలోనే పని నేర్చుకుంది. టర్కీలో 1958 తర్వాత జరిగిందీ, ఇండియాలో 1991 దాకా జరిగిందీ ఒకే రకం ఆర్థిక విధానం. దిగుమతి మూసుకున్న రెండు దేశాల మధ్య, దిగుమతులకు లోటు లేని దేశాల పిల్లలు పాత బళ్లలో తిరగగలిగారంటే ఆ రెండు చోట్లా లేత్ మిషన్లు ఆగకుండా తిరిగినందువల్లే. ఇస్తాంబుల్ ఆ వరసలో మొదటిది, జర్మన్ రోడ్డుకు దగ్గరిది, అందుకే అక్కడ ఆధారాలు చిక్కగా కనిపిస్తాయి. 1980 తర్వాత అక్కడ దిగుమతులు తెరుచుకున్నాయి. గ్యారేజీలను ఊరి మధ్య నుంచి మస్లాక్ లాంటి చోట్ల ఆటో పారిశ్రామికవాడలకు తరలించారు. పొడుగు చేసిన అమెరికన్ దొల్ముష్‌లు 1990ల్లో రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి, వాటి చోట పసుపురంగు వ్యాన్లు వచ్చాయి. ఆ పాత వ్యాన్ తయారీ జర్మనీలో 1979లోనే ఆగినా, బ్రెజిల్‌లో 2013 డిసెంబర్ దాకా సాగింది. ఇప్పుడు దాన్ని మ్యూజియాలు కొని దాస్తున్నాయి. పెర్షెంబె పజారిలోనూ దొలాప్‌దెరెలోనూ కొత్త హోటళ్లూ గ్యాలరీలూ లేస్తున్నాయి. ఆ సందుల్లో పని చేసిన ఉస్తాల మాటలను రికార్డు చేసుకోవాలంటే వాళ్లు బతికి ఉండగానే చేయాలి, అప్పటి చిరాక్‌లకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది.